తాతయ్య ఉత్తరాలు విప్పి ఇచ్చిన మాస్టారికి

ఆఖరి ఉత్తరం ఇందాకే స్కాన్ అయింది. కళ్లు మండుతున్నాయి. ఈ కృతజ్ఞతలు రేపు రాద్దామనుకుంటే మాటలన్నీ మర్యాదగా సర్దుకుంటాయి, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఇండియన్ నేవీ (బ్రిటిష్ కాలం నాటి మన నౌకాదళం) ఓడ మీద నుంచి మా తాతయ్య నాయనమ్మకు రాసిన ఉత్తరాల కట్ట ఇది. రేకుపెట్టెలో విశాఖ ఉప్పుగాలికి అతుక్కుపోయి ఇటుకలా తయారైంది. దాన్ని విడదీసింది మాకు ఏమీ కాని ఒక పెద్దాయన. పాత కాగితాల మరమ్మతు పని చేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు కనుక మాస్టారు అనే అంటాను.

ఆయన చేసిన మొదటి మేలు నీళ్లను దగ్గరికి రానివ్వకపోవడం. వీడియోల్లో అందరూ చెప్పేది ఒకటే: మూత డబ్బాలో తడి స్పాంజి, దానిపైన జాలీ, జాలీ మీద కాగితాలు; చెమ్మకు జిగురు వదులుతుంది అని. మాస్టారు భూతద్దంతో ఒక మూల చూసి వద్దన్నారు. తాతయ్య వాడింది కాపీయింగ్ పెన్సిల్. చూడ్డానికి మామూలు పెన్సిలే, కానీ లెడ్డులో గ్రాఫైట్‌తో పాటు నీళ్లలో కరిగే అనిలీన్ రంగు కలుపుతారు. తడి తగిలిందంటే ఊదారంగుకు తిరిగి కాగితమంతా పాకిపోతుంది. సిరాబుడ్డి మోయక్కర్లేదు, రబ్బరుతో సులువుగా చెరగదు, అందుకే యుద్ధంలో ఉన్నవాళ్లకు అది అంత ఇష్టం.

అందుకని ఆయన దీనికి పూర్తిగా తిరగబడ్డ పద్ధతి పట్టారు. గాలి చొరని డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, కవర్ల జిగురు ఎండి పెళుసుబారే దాకా ఆగారు. తర్వాత పలచగా చెక్కిన వెదురుపుల్లను, ఎక్కడ కాస్త సందు దొరికితే ఆ మూల నుంచి, కాగితానికి ఆనించి నెమ్మదిగా జరిపారు. ఎండిన కాగితం కూడా పెళుసే. అందుకే విడదీసిన వెంటనే మడత విప్పనివ్వలేదు, మామూలు గదిగాలికి కాసేపు వదిలేయాలన్నారు. తుప్పు పట్టిన గుండుసూది ఉంటే లాగకూడదట. కింద ప్లాస్టిక్ ముక్క దూర్చి, సూదినే వంచి తీయాలి.

ఇక వరస పెట్టడం. ఓడ రేవుకు చేరితే గానీ టపా దిగదు. మూడు నాలుగు ఉత్తరాలు కలిసి వస్తాయి, తర్వాత రాసింది ముందు అందుతుంది. తాతయ్య అది తెలిసే ప్రతిదాని మూలా నంబరు వేశాడు. ఓడ పేరు, రేవు పేరు రాయకూడదు కనుక పైన “సముద్రం మీద నుంచి” అని మాత్రం ఉంటుంది. సెన్సారు బ్లేడుతో కోసిన చోట వెనక పేజీలో మాట కూడా పోయింది. తేదీలు తిథుల్లో ఉన్నాయి. చిత్రభాను, చైత్ర బహుళం అన్నవాటిని మాస్టారు పాత పంచాంగంతో సరిచూసి 1942 ఏప్రిల్ 6కు ముందువీ తర్వాతవీ వేరు చేశారు. జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసిన రోజది. మన నౌకాదళం ఓడ ఇండస్ బర్మాలోని అక్యాబ్ దగ్గర మునిగిందీ ఆ రోజే. ఇంట్లో ఓడ బెంగ, ఓడలో ఇంటి బెంగ. ఆ తర్వాత నంబర్లున్న ఉత్తరాలన్నిట్లో ఒకటే ప్రశ్న: పిల్లను ఎవరింట్లో దింపావు?

ఆ పిల్ల మా పెద్దత్త. మాస్టారు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాసి ఆవిడ చేతికే ఇచ్చారు. తాతయ్య భార్యకు మాత్రమే రాసుకున్న పంక్తులు రాయలేదు. అక్కడ ఖాళీ వదిలి, పక్కన చీటీ అంటించారు: “ఇది అమ్మగారి కోసం రాసింది. ఎవరు చదవాలో మీరే చెప్పాలి.” నాకు ఏడుపు ఆగలేదు. మా ఇంటి మనిషికైనా ఆ ఆలోచన వచ్చేది కాదు. బస్సు ఛార్జీ కూడా పుచ్చుకోలేదాయన.

తాతయ్య నేవీ సర్వీసు రికార్డు తెప్పించుకునే సంగతి వేరే. రికార్డు కావాలంటే సర్వీసు నంబరు చెప్పమంటారు. ఆ నంబరు ఉండేది రికార్డులోనే! తాతయ్య యుద్ధ పతకం అంచు చూడమన్నదీ మాస్టారే. మనవాళ్లకిచ్చిన వార్ మెడల్ అంచున నంబరూ పేరూ చెక్కి ఉండటం కద్దు. (చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.) నంబరు పంపితే ఇంటిపేరు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా ఉందని తిప్పి పంపారు. ఆనాటి గుమాస్తా ఎలా రాసుకున్నాడో దానికి ఇవాళ మేం అఫిడవిట్ ఇవ్వాలట. ఇచ్చాం. జవాబు లేదు.

నాన్న, బాబాయి, పిన్ని అందరూ ఉన్నారు, వాళ్లకు వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు.

అయ్యో, స్కానింగ్ షాపు కుర్రాడిని మరిచాను. కాగితాన్ని లోపలికి లాగే ఫీడర్‌లో పెట్టకుండా, ఒక్కొక్కటీ అద్దం మీద పరిచి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), రంగుల్లో, వెనకవైపు ముద్రలతో సహా తీశాడు. ముట్టుకుంటే చిరిగే రెండిటికి పక్క నుంచి లైటు వేసి ఫొటో తీసింది వాళ్లక్క. ఇంకా, కింద ఫ్లాటు ఆయన 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి ఇచ్చారు. కవర్ల మీది సిరా చిరునామాలు వెలిసి గోధుమరంగుకు వచ్చాయి. టార్చి వేస్తే కాగితం వెలిగి, సిరా నల్లగా తేలింది. సార్, టార్చి ఇంకా మా దగ్గరే ఉంది, ఆదివారం తెచ్చిస్తాం.