లీచీ పండ్ల కోసం గబ్బిలాలను కాల్చాలా?

సంపాదకుడు గారికి,

మీ పర్యాటక పేజీలో మారిషస్ గురించి అప్పుడప్పుడూ చదువుతుంటాను. ఇక్కడే ఉంటున్న తెలుగువాణ్ణి కాబట్టి సంతోషమే. కానీ ఎప్పుడూ డోడో బొమ్మ వేసి, అయ్యో అంతరించిపోయిందని వదిలేస్తున్నారు. అది పోయి మూడు వందల ఏళ్లు దాటింది. ఇప్పుడు పోతున్నవాటి సంగతి కూడా రాయండి.

ఇక్కడ పండ్లు తినే పెద్ద గబ్బిలం ఒకటుంది. మారిషస్, దాని పక్కనున్న దీవులు కలిసిన మాస్కరీన్ దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించదు. లీచీ, మామిడి తోటలను పాడుచేస్తోందని 2015లో ప్రభుత్వమే 30 వేలకు పైగా కాల్పించింది. 2016లో మళ్లీ, 2018లో ఇంకోసారి. తల్లి గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. ఇలా కాల్చుకుంటూ పోతే ఎన్నాళ్లుంటాయి? 2018లోనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న జాబితాలోకి మార్చింది.

రైతు బాధ అబద్ధం కాదు. డిసెంబరులో తెల్లారి చెట్టు కిందికి వెళ్తే నమిలి ఉమ్మేసిన పిప్పి, సగం కొరికిన లీచీలు కుప్పగా కనిపిస్తాయి. ఏడాదంతా ఆశ పెట్టుకున్న పంట అది. అయితే వాటిలో ముక్కుతో పొడిచిన పండ్లూ ఉంటాయి. అవి పిగిలిపిట్టలు, గోరువంకల పని. రెండూ బయటి నుంచి తెచ్చి వదిలినవే. నింద మాత్రం మొత్తం గబ్బిలం మీదే! (మనవాళ్లేం తక్కువ తినలేదు. మన 1972 వన్యప్రాణి చట్టం కూడా 2022లో సవరించేదాకా పండ్ల గబ్బిలాలను ఎలుకలతో కలిపి చీడల జాబితాలోనే ఉంచింది.)

అసలు అవి తోటల్లోకి ఎందుకొస్తున్నాయి? చెరకు కోసం అడవులు కొట్టేశారు. మంచి స్థితిలో ఉన్న స్థానిక అడవి 2 శాతం కూడా మిగల్లేదు. ఆ మిగిలిన అడవిలో విత్తనాలు దూరంగా మోసుకెళ్లి చల్లేది ఈ గబ్బిలాలే.

గబ్బిలాలు రాకుండా చెట్లకు కప్పే వలలకు సబ్సిడీ ఉంది. కానీ వల కొనిస్తే సరిపోదు. ముదురు లీచీ చెట్టు మేడంత ఎత్తు పెరుగుతుంది, దానికి వల కప్పడం ఎవరి తరం? కొమ్మలు కత్తిరించి చెట్టును పొట్టిగా ఉంచాలి, పందిరి వేసి వలను బిగించి కట్టాలి. వదులుగా వేస్తే గబ్బిలాలు చిక్కుకుని చస్తాయి. ఈ పనికి కూలీ ఖర్చు కూడా సబ్సిడీలో చేర్చాలి, పెరట్లో రెండు చెట్లున్నవాళ్లకూ ఇవ్వాలి. తుపాకులకు పెట్టే ఖర్చు దీనికి పెట్టొచ్చు.

ఈ దేశానికి చేతకాదనీ కాదు. 1974లో ఇక్కడి మారిషస్ కెస్ట్రెల్ డేగలు అడవిలో నాలుగే మిగిలాయి. గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి వదిలి, వాటిని వందల్లోకి తెచ్చారు. గులాబీ రంగు పావురాన్నీ అలాగే బతికించుకున్నారు. అందమైన పక్షికి చేసింది గబ్బిలానికి ఎందుకు చేయరన్నదే నా ప్రశ్న.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పోర్ట్ లూయిస్, మారిషస్