సోమవారం నుంచి షెడ్డు తెరుస్తున్నాం

మా దగ్గర బండి చేయించుకునే అందరికీ నమస్కారం.

రెండు వారాలుగా షట్టర్ దించి ఉండటం చూసి చాలామంది ఫోన్ చేశారు. కొందరితో మాట్లాడాను, కొందరి ఫోన్ ఎత్తలేకపోయాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: మా నాన్నగారు కాలం చేశారు. ఎనభై రెండేళ్ళు. పెద్దకర్మ మొన్ననే అయింది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆటోనగర్‌లో మన షెడ్డు మళ్ళీ తెరుస్తాం.

ఆయన పదమూడేళ్ళకే బెజవాడలో ఒక షెడ్డులో పానాలు అందించే కుర్రాడిగా చేరారు. అప్పటికింకా అంబాసిడర్ రాలేదు, ల్యాండ్‌మాస్టర్ కార్ల కాలం. తర్వాత కొద్దిరోజులకే అంబాసిడర్ వచ్చింది. 2014లో దాని తయారీ ఆగిపోయింది. ఆ బండి రావడమూ పోవడమూ రెండూ గ్రీజు చేతులతోనే చూశారాయన.

మీలో పాతవాళ్ళకి ఆ పొడుగు స్క్రూడ్రైవర్ గుర్తుండే ఉంటుంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా దాని మొన బ్లాక్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించేవారు. ట్యాపెట్ చప్పుడా, బేరింగ్ చప్పుడా అని ఇంజన్ విప్పకుండానే చెప్పేసేవారు. చివరి ఐదారేళ్ళు ఆయనకి చెవులు సరిగ్గా వినిపించలేదు. అన్నానికి రమ్మని అమ్మ మూడుసార్లు కేకేసినా పలికేవారు కాదు. అయినా స్క్రూడ్రైవర్ పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి, "మూడో సిలిండర్ చూడరా" అనేవారు. మూడోదే అయ్యేది. నాకూ అలాగే వస్తుందనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నా నాకు వినిపించేది ఒట్టి మోతే.

మే నెల వస్తే అంబాసిడర్లు దారిలో ఆగిపోయేవి. వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోయి పంపు లాగేది కాదు. "తడిగుడ్డ పంపు మీద వేసి పావుగంట నీడలో కూర్చోండి, నేను రానక్కర్లేదు" అని ఫోన్‌లోనే చెప్పేసేవారు. ఆ పావుగంటకి వెళ్ళి డబ్బు తీసుకోవచ్చు కదా అని అమ్మ గొణిగేది.

మారుతి 800 వచ్చిన 1983 నాటికి ఆయనకి నలభై. మొదటిసారి బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ అడ్డంగా ఉంది, సిలిండర్లు మూడే. బానెట్ మూసేసి టీ తాగడానికి వెళ్ళిపోయారట. తర్వాత తనకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడి పక్కన నిలబడి పానాలు అందిస్తూ ఆ పని నేర్చుకున్నారు. బండికి తగిలిస్తే లోపమేంటో చూపించే స్కానర్ నేను కొన్నప్పుడు మాత్రం నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా చిన్నప్పుడు ఆదివారం సాయంత్రాలు మమ్మల్నందరినీ ఎక్కించుకుని బ్యారేజీ దాకా తిప్పింది మీ బళ్ళలోనే. నాన్నగారు దాన్ని ట్రయల్ అనేవారు. అమ్మ షికారు అనేది. పెట్రోలు మాత్రం ఆయనే పోయించేవారు, అది నేను కళ్ళారా చూశాను. మా అక్క పెళ్ళిలో అప్పగింతలకి వచ్చిన తెల్ల ఫియట్ కూడా ఒక కస్టమర్‌దే.

ఇక అసలు విషయాలు. ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో నేను షెడ్డు మీద దృష్టి పెట్టలేదు. ఒక బండికి ఇంజన్ పైభాగాన్ని పట్టి ఉంచే హెడ్ బోల్టులు వరస తప్పి బిగించారు మా కుర్రాళ్ళు. వారం తిరక్కుండానే దాని కింద ఉండే గ్యాస్కెట్ పోయి ఆయిల్లో నీళ్ళు కలిశాయి. ఆ ఓనరు గారు ఫోన్ చేస్తే, పాత ఇంజన్ కదండీ అని దబాయించాను. పక్క మంచం మీంచి నాన్నగారు నా మొహం చూస్తూనే ఉన్నారు. ఏం వినిపించిందో తెలియదు. "విప్పి చూడు" అన్నారంతే. విప్పాం. తప్పు మాదే. ఆ ఖర్చంతా మాదే, గురువారానికి బండి ఇస్తాను.

ఆయన బాకీల పుస్తకం చూశాను. పేర్లు లేవు, అంకెలూ తక్కువే. "కంకిపాడు తెల్ల బండి, క్లచ్", "మేస్టారు, పండక్కి ఇస్తానన్నారు", ఇలా ఉంది. ఏ పండగో! నేనెవరికీ ఫోన్ చేసి అడగను, అడగడానికి అంకె ఉండాలి కదా. కానీ డబ్బు అవసరం లేదని అబద్ధం చెప్పను. ఆస్పత్రి బిల్లులు చాలానే అయ్యాయి. గుర్తున్నవాళ్ళు వచ్చి ఎంతో చెప్పండి, అంతే తీసుకుంటాను.

ఇక మీద ప్రతి పనికీ బిల్లు రాస్తాను. "మీ నాన్న అయితే ఇంత తీసుకునేవాడు కాదు" అంటారని తెలుసు. నిజమే, తీసుకునేవారు కాదు. అద్దె మాత్రం ఆయన రోజుల్లో ఉన్నట్టు లేదు.

కార్బురేటర్ బళ్ళు, పాయింట్ల బళ్ళు, అంటే పాతకాలం బళ్ళు, నా ఒక్కడి వల్ల కాదు. నాన్నగారి దగ్గర ముప్పై ఏళ్ళు చేసిన మా బాబాయి మంగళ, శుక్రవారాలు వస్తానన్నారు. అంబాసిడర్లు, ఫియట్లు ఆ రెండు రోజుల్లోనే తీసుకురండి. మిగతా రోజుల్లో తెస్తే నేను బానెట్ ఎత్తి చూసి టీ తాగడానికి వెళ్ళిపోతాను.

ఆ స్క్రూడ్రైవర్ గుర్తుగా ఇమ్మని ఇప్పటికి నలుగురు అడిగారు. ఇవ్వను. ఏమీ అనుకోవద్దు.