చవగ్గా పోర్షే కొనొచ్చని రాశారు సరే, కొన్నాక సంగతి కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో పాత యూరప్ స్పోర్ట్స్ కార్ల మీద వ్యాసం చదివాను. ఫోటోలు అదిరిపోయాయి, రాసినాయనకి కార్లంటే ప్రాణం అని కూడా తెలిసిపోతోంది, కానీ ఆయన ఈ బండ్లలో కూర్చుని తిరిగుంటాడు గానీ వాటి కింద పడుకుని పని చేసుండడు అనిపించింది. నేను షెడ్డులో పనిచేసేవాణ్ణి, మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా యూరప్ బండ్లే, అందుకే ఆ వ్యాసంలో లేని సగం రాద్దామని ఈ లెటర్. కొత్త చిన్న కారు డబ్బుతో పోర్షే కొనేయొచ్చు అని హెడ్డింగ్ పెట్టారు కదా, కొనొచ్చు, ఎవరు కాదన్నారు, కానీ ఉన్న డబ్బంతా బండికే పెట్టేసి తర్వాత బ్రేక్ ప్యాడ్ల దగ్గర వెతుక్కుంటుంటే అది ఏనుగును కొని అంకుశం దగ్గర బేరం ఆడినట్టే.

అసలు విషయం ఏంటంటే బండి రేటు ఏళ్ళు గడిచేకొద్దీ పడిపోతుంది, దాని స్పేర్ పార్ట్స్ రేటు మాత్రం పడదు. బాగా డబ్బున్నవాళ్ళ కోసం తయారుచేసిన బండి నాలుగో చేతికో ఐదో చేతికో వచ్చేసరికి పదో వంతు ధరకి దొరకొచ్చు, కానీ దాని క్లచ్, రేడియేటర్, డిస్కులు అన్నీ ఆ మొదటి డబ్బున్నాయన లెక్కలోనే ఉంటాయి, లేబర్ కూడా అంతే. కాబట్టి చేతిలో ఉన్న మొత్తంలో కనీసం మూడో వంతు పక్కన పెట్టి మిగిలిన దాంట్లోనే బండి చూడమని నేను అడిగినవాళ్ళందరికీ చెప్తుంటాను. సగం మంది వినరు, వాళ్ళ బండ్లే తర్వాత మా షెడ్డు మూలన దుమ్ము పట్టి ఉంటాయి, పార్టు తెప్పించుకోవడానికి డబ్బులు కూడే దాకా.

మీ వ్యాసంలో ఎక్కువ పొగిడింది పోర్షే వాళ్ళ రెండు సీట్ల ఓపెన్ టాప్ బండి బాక్స్‌స్టర్‌ని కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తా. మొదటి బాక్స్‌స్టర్, కంపెనీ కోడ్ 986, 1996లో మొదలై 2004 దాకా వచ్చింది. నడపడానికి నిజంగా గొప్ప బండి, స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు చేతికి తెలుస్తుంది, ఈ విషయంలో మీ రచయితతో నాకు గొడవ లేదు. కానీ దాని ఇంజన్లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటి ఉంటుంది, పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి, వాల్వులు తెరిచి మూసే క్యామ్‌ల చెయిన్లకి తిప్పుడు అందించేది అదే, దాని చివర ఒక బేరింగ్. అది సీల్డ్ బేరింగ్, లోపల ఉన్న గ్రీజు ఏళ్ళ మీద కడుక్కుపోయి ఎండిపోతే బేరింగ్ పోతుంది, బేరింగ్ పోతే షాఫ్ట్ ఊగుతుంది, టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, అంతే ఇంజన్ అయిపోయింది. తొలి బండ్లలో రెండు వరసల బాల్స్ ఉన్న బేరింగ్ వాడారు, 2000 ప్రాంతం నుంచి ఒక వరసది వచ్చింది, ఎక్కువ గోల దీంతోనే. అమెరికాలో దీని మీద కేసు కూడా నడిచి సెటిల్‌మెంట్ అయింది, 2001 నుంచి 2005 మధ్య కార్లు దాంట్లోకి వచ్చాయి. ఆ తర్వాత పెద్ద బేరింగ్ పెట్టారు, అది గట్టిదే, కాకపోతే ఇంజన్ కేసు విప్పకుండా మార్చలేం. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్లో ఈ షాఫ్టే లేదు. చాలా బండ్లకి జీవితంలో ఏమీ కాదు, అది కూడా చెప్పాలి, ఊరికే భయపెట్టకూడదు, కానీ అయినవాడికి మాత్రం బండి ధర కన్నా ఇంజన్ ధర ఎక్కువవుతుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. పాత ఇంజన్లలో ఈ బేరింగ్ మార్చాలన్నా, వెనక ఆయిల్ సీల్ మార్చాలన్నా, క్లచ్ మార్చాలన్నా గేర్‌బాక్స్ దించాల్సిందే. అంటే బుద్ధి ఉన్న ఓనర్ క్లచ్ మార్చేటప్పుడే మిగతా రెండూ చేయించేస్తాడు. అందుకని అమ్మేవాణ్ణి బేరింగ్ గురించి అడక్కండి, క్లచ్ ఎప్పుడు మార్చారు, బిల్లు చూపించండి అని అడగండి. క్లచ్ ఒక్కటే మార్చి బేరింగ్ అలాగే వదిలేశాడంటే ఆ బండి మీద పెట్టిన ప్రతి రూపాయినీ పిసినారితనంతోనే పెట్టాడని అర్థం, బేరింగ్ ఒక్కటే కాదు, మిగతావి కూడా అంతే ఉంటాయి. ఇంకోటి, వీలైతే ఆయిల్ ఫిల్టర్ తీయించి మడతలు విప్పి చూడాలి, దాంట్లో మెరిసే లోహపు పొట్టు కనపడితే ఇక మాటల్లేవు. ముందు బంపర్ మూలల్లో రేడియేటర్లు ఉంటాయి, వాటి నిండా ఆకులు చెత్త చేరి తడికి కుళ్ళి రేడియేటర్ తినేస్తాయి, టార్చి వేసి చూస్తే ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

పోర్షేకి పేరు తెచ్చిన 911 మోడలే కావాలి, బాక్స్‌స్టర్ వద్దు అనేవాళ్ళు 996 అనే కోడ్ ఉన్న 911 తరం మీద పడతారు, అన్ని 911ల్లో అదే చవక అని. మామూలు 996లో ఉన్నది కూడా ఇదే కుటుంబం ఇంజన్, ఇదే బేరింగ్. టర్బో, జీటీ3ల్లో వేరే ఇంజన్, కానీ వాటి ధర మన బడ్జెట్ మాట కాదు.

పోర్షే బ్యాడ్జీ ఉండాల్సిందే, డబ్బు ఇంకా తక్కువ అంటే 944 ఉంది, 1982 నుంచి 1991 దాకా వచ్చింది. బాడీ గాల్వనైజ్ చేసిన రేకు కాబట్టి ఆ వయసు బండ్లతో పోలిస్తే తుప్పు తక్కువ, ఇంజన్ ముందు గేర్‌బాక్స్ వెనక, బరువు దాదాపు సగం సగం, అందుకే మలుపుల్లో అంత బాగుంటుంది. అయితే దీనికి క్యామ్‌ని తిప్పే టైమింగ్ బెల్ట్ ఒకటి, ఇంజన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టుల బెల్ట్ ఇంకొకటి. టైమింగ్ బెల్ట్ తెగితే వాల్వులు వంగుతాయి. బండి తిరగలేదండీ, షెడ్డులోనే ఉంది, బెల్ట్ కొత్తదాని కిందే లెక్క అని ఓనర్లు చెప్తారు, కానీ రబ్బరుకి కిలోమీటర్ల లెక్క ఒక్కటే కాదు, ఏళ్ళ లెక్క కూడా ఉంటుంది. క్లచ్ పని అయితే ఇంజన్ నుంచి వెనకదాకా ఉండే ట్యూబు మొత్తం జరపాలి, మా కుర్రాళ్ళు ఆ బండి గేట్లోకి వస్తుంటేనే టీకి వెళ్ళిపోతారు.

తక్కువ డబ్బుతో ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది ఒకటే, ఆ బండి లోపలి సామాను వేరే మామూలు కారుతో కలుస్తుందా లేదా అని. ఆడి టీటీ మొదటిది తీసుకోండి, 1998లో వచ్చింది, పైన అంత అందం, కింద ఎక్కువ భాగం ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ మామూలు కారు, నాలుగో తరం గోల్ఫ్. 1.8 టర్బో ఇంజన్ ఆ ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులో లెక్కలేనన్ని కార్లలో వేశారు, కాబట్టి సామాను దొరుకుతుంది, చేసేవాడూ దొరుకుతాడు. చూసుకోవాల్సింది బెల్టు, దాంతోపాటే వాటర్ పంప్, మీటర్ డిస్ప్లేలో అక్షరాలు మాయమవుతున్నాయా, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే వెనక చక్రాలకి పవర్ పంపే హాల్డెక్స్ యూనిట్ ఆయిల్ ఎప్పుడు మార్చారు. తొలి టీటీలు హై స్పీడులో పట్టు తప్పి ప్రమాదాలు జరిగితే కంపెనీ వాటిని వెనక్కి పిలిచి వెనక స్పాయిలర్, బండి జారకుండా ఆపే ఈఎస్‌పీ పెట్టింది. తొలి బండి చూస్తుంటే, డిక్కీ మీద స్పాయిలర్ లేకపోతే ఆ పని జరిగిందా లేదా అని అడగండి, కొంతమంది అందం కోసం పీకేస్తారు, ఏం చెప్తాం.

బీఎండబ్ల్యూ జెడ్3, జెడ్4 కూడా అంతే, ఆరు సిలిండర్ల ఇంజన్ వాళ్ళ సెడాన్లలో ఉన్నదే, గట్టి ఇంజన్, కానీ చుట్టూ కూలింగ్ సామాను ప్లాస్టిక్. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, థర్మోస్టాట్ హౌసింగ్, వాటర్ పంప్ మూడూ ఒకేసారి మార్చేసి ప్రశాంతంగా ఉండడం మేలు, ఒక్కసారి ఓవర్‌హీట్ అయితే హెడ్ వంగుతుంది. మొదటి జెడ్4లో టాప్ మడిచే మోటారు నీళ్ళు చేరే చోట పెట్టారు, డ్రెయిన్ గొట్టాలు మూసుకుపోతే మోటారు మునిగి చచ్చిపోతుంది, కాబట్టి టాప్ ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు తీయించి వేయించండి. వాళ్ళ 3 సిరీస్‌లో స్పోర్ట్స్ మోడల్ ఎమ్3 మాత్రం వద్దు, ఈ బడ్జెట్‌కి వద్దు. ఈ46 అనే కోడ్ ఉన్న తరం ఎమ్3 ఇంజన్ 343 హార్స్‌పవర్, విన్నప్పుడే నోరూరుతుంది, కానీ కనెక్టింగ్ రాడ్ బేరింగులు, వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే దగ్గర బాడీ రేకు పగుళ్ళు, రెండూ పెద్ద పనులు. అదే తరంలో 330 మోడల్ తీసుకుంటే రోడ్డు మీద దొరికే ఆనందంలో తేడా మీరనుకున్నంత ఉండదు.

లోటస్ ఎలీజ్ గురించి ఒక్క లైనే రాశారు, అన్యాయం. మొదటిది 1996లో వచ్చింది, బరువు 725 కిలోలు అటూ ఇటూగా, అల్యూమినియం ముక్కల్ని గమ్‌తో అతికించిన ఛాసీ. రోవర్ కె-సిరీస్ ఇంజన్ ఉన్నవాటిలో హెడ్ గాస్కెట్ పోవడం మామూలు. 2004 నుంచి కొన్నిటిలో టయోటా ఇంజన్ వచ్చింది, యూరప్ కారు కావాలి అనేవాళ్ళు మొహం చిట్లిస్తారు గానీ ఆ కారుకి జరిగిన మంచి అదే. దీన్ని కొనేటప్పుడు ఇంజన్ కన్నా గుద్దిన గుర్తులు ముఖ్యం, ముందు భాగం ఒకటే పెద్ద ఫైబర్ పీసు, ఛాసీ వంగితే మామూలు డెంటింగ్‌తో సరిచేసేది కాదు.

ఇటలీ వైపు వెళ్తే ఆల్ఫా జీటీవీ ట్విన్ స్పార్క్ ఇంజన్‌కి బెల్ట్ లక్షా ఇరవై వేల కిలోమీటర్లన్నారు, తర్వాత దాన్ని సగానికి దించారు, ఓనర్ దగ్గర పాత లెక్క ఉందేమో చూడండి. చవగ్గా కనిపించే మసెరాటీ, ఫెరారీల జోలికి అసలు పోకండి, ఎఫ్355లో టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజన్ దించాలి, ఈ ఒక్క మాట చాలు.

ఇంకా ఒక మాట, తక్కువ తిరిగిన బండి మీద జనానికి ఉన్న పిచ్చి గురించి. ఏళ్ళ తరబడి కదలని బండిలో సీల్స్ గట్టిపడతాయి, బ్రేక్ కాలిపర్లు పట్టేస్తాయి, పెట్రోల్ పాడవుతుంది, టైర్లు పైకి కొత్తగా ఉండి లోపల రాయిలా అవుతాయి. టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి, 2316 అంటే 2016లో 23వ వారం. బిల్లులతో సహా బాగా తిరిగిన బండిని నేను కళ్ళు మూసుకుని, అంటే కళ్ళు తెరుచుకునే, తీసుకుంటా. వెళ్ళేముందు ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని ఫోన్లోనే చెప్పండి, బానెట్ వేడిగా ఉంటే చల్లటి స్టార్ట్‌లో వచ్చే శబ్దమో పొగో మీకు చూపించడం ఇష్టం లేదన్నమాట. స్కానర్ పెట్టినప్పుడు తప్పులేమీ కనపడలేదని సంబరపడకండి, రెడీనెస్ మానిటర్లు, అంటే బండి కంప్యూటర్ తనని తాను చేసుకునే పరీక్షలు, చూడండి, అవి ఇంకా పూర్తి కాలేదంటే నిన్నో ఇవాళో ఎవరో తప్పుల కోడ్లు చెరిపేసి ఉండొచ్చు. బాక్స్‌స్టర్, 996 లాంటి పోర్షేల్లో అయితే ఇంజన్‌ని లిమిట్ దాటి ఎన్నిసార్లు తిప్పారో కూడా కంప్యూటర్లో ఉంటుంది, తప్పు గేరు వేసిన లెక్క అంతా బయటపడుతుంది. పెయింట్ మందం చూసే మీటరు, కంప్రెషన్ టెస్టు, ఇవన్నీ చేయడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే వచ్చేయండి. అన్నిటికన్నా ముందు ఆ కంపెనీ బండి తెలిసిన మెకానిక్ అందుబాటులో ఉన్నాడో లేడో చూసుకోండి, బండి తర్వాత. రోజూ పనికి వెళ్ళడానికి ఇంకో బండి కూడా ఉండాలి, ఎందుకంటే పార్టు వచ్చే దాకా ఇది లిఫ్టు మీదే ఉంటుంది.

కాబట్టి సార్, ఈసారి ఇలాంటి పేజీ వేసినప్పుడు ప్రతి ఫోటో కింద హార్స్‌పవర్‌తో పాటు బెల్ట్ ఎప్పుడు మార్చాలి, క్లచ్ మార్చడానికి ఏం దించాలి అన్న రెండు లైన్లు కూడా వేయించండి. చోటు సరిపోకపోతే సూర్యాస్తమయంలో తీసిన ఫోటో ఒకటి తగ్గించండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక మెకానిక్

తా.క.: బాక్స్‌స్టర్ ముందు మూత తెరిచిన ఫోటో కింద ఇంజన్ బే అని వేశారు. అది సామాన్లు పెట్టుకునే డిక్కీ సార్, ఇంజన్ సీట్ల వెనకాల ఉంటుంది, పై నుంచి కనపడదు, ఆయిల్ పోసే మూత కూడా వెనక డిక్కీలో ఉంటుంది. కొనేవాళ్ళు ముందు తెరిచి ఖాళీగా ఉందని కంగారు పడకుండా సవరణ వేయగలరు.