క్వేకర్ స్త్రీల వాదననూ అచ్చువేయండి

సంపాదకుడు గారికి,

మహిళా దినోత్సవం వచ్చినప్పుడు, జైళ్ల సంస్కరణ గురించో అమెరికా మహిళల ఓటు హక్కు గురించో వ్యాసం వేసినప్పుడు మన పత్రికల్లో ఒకరిద్దరు క్వేకర్ స్త్రీల పేర్లు కనిపిస్తుంటాయి. ఎలిజబెత్ ఫ్రై అయితే కరుణామయి, లుక్రీషియా మాట్ అయితే శాంతమూర్తి. తెల్ల టోపీ పెట్టుకున్న బొమ్మ, దాని కింద రెండు పొగడ్తలు. వాళ్లు దేనికోసం వాదించారో మాత్రం ఎక్కడా ఉండదు.

మన దగ్గర క్వేకర్ అనగానే ఓట్స్ డబ్బా గుర్తొస్తుంది. ఆ కంపెనీకీ ఈ మత సమాజానికీ సంబంధం లేదు. 1650ల ప్రాంతంలో ఇంగ్లండులో మొదలైన ఈ క్రైస్తవ శాఖవాళ్లు, వాళ్ల పాత సంప్రదాయం ప్రకారం, ప్రార్థనకు పూజారి లేకుండా మౌనంగా కూర్చుంటారు. లోపల ప్రేరణ కలిగినవాళ్లు లేచి మాట్లాడతారు. ఆడవాళ్లు కూడా అలా లేచి మాట్లాడటం దగ్గరే గొడవంతా వచ్చింది.

1656లో మేరీ ఫిషర్, ఆన్ ఆస్టిన్ అనే క్వేకర్ స్త్రీలు బోస్టన్‌లో దిగితే, మంత్రగత్తెల గుర్తులున్నాయేమోనని బట్టలు విప్పించి ఒళ్లంతా వెతికారు. వాళ్లు తెచ్చిన పుస్తకాలు తగలబెట్టి, జైల్లో పెట్టి, చివరికి వెనక్కి పంపేశారు. అదే ఊళ్లో 1660 జూన్ 1న మేరీ డయ్యర్ అనే మరో క్వేకర్ స్త్రీని ఉరి తీశారు. ఇంగ్లండులో హీమ్‌స్కెర్క్ అనే చిత్రకారుడు తొట్టి మీద నిలబడి ప్రసంగించే క్వేకర్ స్త్రీని నవ్వులాటగా చిత్రించాడు. 1763లో ఆంగ్ల రచయిత శామ్యూల్ జాన్సన్ అయితే ఆడవాళ్ల ప్రసంగాన్ని వెనక కాళ్ల మీద నడిచే కుక్కతో పోల్చాడు. అప్పటికి సుమారు వందేళ్ల కిందటే, 1666లో, మార్గరెట్ ఫెల్ అనే క్వేకర్ స్త్రీ జైల్లో ఉండగా ఆమె కరపత్రం అచ్చయింది. క్రీస్తు పునరుత్థానం వార్తను మొదట మోసుకొచ్చింది స్త్రీలే కదా, వాళ్ల నోరు ఎలా మూయిస్తారని అందులో బైబిల్ ఆధారంగానే నిలదీశారు. జాన్సన్ మాట ఈనాటికీ అందరి నోళ్లలో నానుతోంది. ఫెల్ వాదన ఎంతమందికి తెలుసు?

తర్వాతి కాలంలో వెక్కిరింపు తగ్గి పొగడ్త పెరిగింది. నా దృష్టిలో ఆ పొగడ్త కూడా వాళ్ల మాటను కప్పేసింది. లుక్రీషియా మాట్ సంగతే చూడండి. 1840లో లండన్‌లో ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభకు ఆమె అమెరికా నుంచి ప్రతినిధిగా వెళ్లారు. ఆడవాళ్లను ప్రతినిధులుగా ఒప్పుకునేది లేదని చెప్పి పక్కన కూర్చోబెట్టారు. ఆ సభను చిత్రించిన బెంజమిన్ హేడన్ మొదట ఆమెకు ముఖ్యమైన చోటే ఇవ్వాలనుకున్నాడు. ఆమెతో మాట్లాడాక, ఆమె మత భావాలు నచ్చక ఆ చోటు ఇవ్వకూడదని నిర్ణయించుకున్నానని తన డైరీలో తానే రాసుకున్నాడు. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్న ఆ పెద్ద చిత్రంలో ఆమెను వెనక వరసల్లో వెతుక్కోవాలి. ఎనిమిదేళ్ల తర్వాత అమెరికాలోని సెనెకా ఫాల్స్‌లో మహిళా హక్కుల సభను నడిపినవాళ్లలో ఆమె ఒకరు. అలాంటి మనిషికి శాంతమూర్తి అన్న ఒక్క మాట సరిపోతుందా?

ఫ్రై కూడా అంతే. 2002 నుంచి 2017 దాకా చలామణీలో ఉన్న బ్రిటిష్ ఐదు పౌండ్ల నోటు మీద ఆమె లండన్ న్యూగేట్ జైలు ఖైదీలకు పుస్తకం చదివి వినిపిస్తున్న బొమ్మ ఉండేది. 1818లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పిన ఫ్రై ఆ నోటు మీద లేరు. బోస్టన్‌లో మసాచుసెట్స్ శాసనసభ భవనం ముందు మేరీ డయ్యర్ విగ్రహం తల వంచి కూర్చుని ఉంటుంది. చెక్కిన సిల్వియా షా జడ్సన్ స్వయంగా క్వేకర్. అది ప్రార్థనలోని మౌనం, దాని విలువను నేను కాదనను. కానీ బహిష్కరణను ధిక్కరించి, ఉరికొయ్య దాకా వెళ్లి ప్రాణంతో బయటపడి కూడా మళ్లీ బోస్టన్ వచ్చిన మనిషి దారిన పోయేవాళ్లకు ఆ విగ్రహంలో కనిపించదు.

పత్రికలకూ ఇందులో వాటా ఉంది. లయగా రేడియో తరంగాలు పంపే పల్సార్లు అనే నక్షత్రాల సంకేతాన్ని 1967లో మొదట గుర్తించిన జోస్లిన్ బెల్ బర్నెల్ క్వేకర్. విలేకరులు సైన్స్ ప్రశ్నలు ఆమె పరిశోధన గైడ్‌ను అడిగి, ఆమెను మాత్రం బాయ్‌ఫ్రెండ్స్ గురించి అడిగారని ఆవిడే చాలాసార్లు చెప్పారు. మన దేశానికొస్తే, సేవాగ్రామ్‌లో పనిచేసిన క్వేకర్ మార్జరీ సైక్స్‌ను గాంధీ అనుచరురాలిగా ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. చేతిపనితో కలిపి నేర్పే గాంధీ నయీ తాలీం చదువు గురించి ఆవిడ సొంతంగా ఆలోచించి రాసింది ఎంతో ఉంది.

మీ ఆదివారం అనుబంధంలో ఒక పేజీ కేటాయించండి. ఫెల్ కరపత్రం, ఫ్రై సాక్ష్యం, మాట్ ప్రసంగాలు కాపీరైట్ దాటిన పాత రచనలే. తలా నాలుగు పేరాలు తెలుగు చేయించి, వాళ్ల మాటల్లోనే వేయండి.

– ఒక పాఠకురాలు, గుంటూరు