కోళ్ల గూటి కరెంటు కంచె: ముందు ఎర్త్ చూడండి

కంచె తగిలినా నక్క, కుక్క లెక్కచేయడం లేదంటే తప్పు చాలాసార్లు మెషీన్‌ది (తీగకి పల్స్ పంపే ఎనర్జైజర్) కాదు, ఎర్త్‌ది, అంటే కరెంటు నేలలోంచి మెషీన్‌కి తిరిగొచ్చే దారిది. ఎర్త్ కోసం గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) రాడ్లు మూడు, మీటరున్నర లోతుకి, మూడేసి మీటర్ల ఎడంలో దించండి. నేల ఎండితే షాక్ తగ్గిపోతుంది, రాడ్ల మొదట్లో నీళ్లు పోస్తుండాలి.

తీగలు నేల నుంచి 15, 30, 50 సెం.మీ. ఎత్తులో. కింది తీగే ముఖ్యం, ముక్కు తగిలేది దానికే (వీపు బొచ్చుకి షాక్ సరిగా అంటదు). గడ్డి తగిలితే కరెంటు నేలలోకి పోతుంది, కోస్తుండాల్సిందే.

కంచె వోల్టేజి కొలిచే టెస్టర్‌తో కంచె చివర్న చూడండి. 4,000 వోల్టులకి తగ్గితే ఎక్కడో లీకుంది. టిక్ టిక్ వినబడే చోట ఇన్సులేటర్ చూడండి, పగిలి ఉండొచ్చు.

ఇంటి కరెంటు నేరుగా తీగకి ఇవ్వొద్దు, మనుషులే పోతారు. సుమారు సెకనుకోసారి పల్స్ ఇచ్చే ఎనర్జైజర్ మాత్రమే వాడాలి.