మే నెల ప్రయాణానికి ఆగస్టు ప్రణాళిక: రుసుము వాపసు కోరుతూ ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రపు అగ్నిపర్వత ప్రాంతం, సముద్ర తీరం మీదుగా మా కుటుంబ క్యాంపింగ్ యాత్రకు మీరిచ్చిన ప్రణాళికలోని లోపాలు.

అయ్యా,

మా అమ్మగారు, ఇద్దరు పిల్లలతో కలిసి మే చివరి వారంలో క్రేటర్ లేక్ జాతీయ పార్కు నుంచి బెండ్ మీదుగా పసిఫిక్ తీరంలోని న్యూపోర్ట్ వరకు క్యాంపింగ్ చేస్తూ వెళ్లాలని మీ సంస్థకు 450 డాలర్లు చెల్లించి ప్రణాళిక చేయించుకున్నాము. మా తేదీలకు, మా బండికి సరిపోయేలా చేసి ఇస్తామని మీరు హామీ ఇచ్చారు. మా పికప్ ట్రక్కు, దాని వెనుక తగిలించే ట్రైలరు కలిపి 43 అడుగుల పొడవుంటాయని నేను దరఖాస్తులోనే రాశాను. తీరా బయలుదేరాక, మీరు తేదీలనూ చూడలేదు, బండి పొడవునూ చూడలేదు అని రోజుకొక చోట తెలిసివచ్చింది.

మొదటి రోజు ఆ పార్కులోని మజామా క్యాంప్‌గ్రౌండ్‌లో బస చేయాలనీ, ముందుగా బుక్ చేసుకోనక్కర లేదనీ మీరు రాశారు. అది సాధారణంగా జూన్‌లో గానీ తెరవరు. మేము వెళ్లేసరికి గేటు మూసి ఉంది, లోపలంతా మంచు. చీకటి పడ్డాక, అలసిపోయిన పిల్లలతో, ట్రైలరు లాక్కుంటూ క్లమత్ ఫాల్స్ దాకా దిగివచ్చి అక్కడ రాత్రి గడపవలసి వచ్చింది. మర్నాడు సరస్సు చుట్టూ ఉన్న 33 మైళ్ల రిమ్ డ్రైవ్ అంతా తిరిగి ఉత్తర ద్వారం గుండా బెండ్ వైపు వెళ్లమన్నారు. ఆ రోడ్డు చుట్టూతా తెరుచుకునేది మామూలుగా జూలైలో; ఆ రోజు ఉత్తర ద్వారం కూడా మూసే ఉంది. సుమారు 7,700 ఏళ్ల క్రితం మజామా అనే అగ్నిపర్వతం బద్దలై కూలిపోగా ఏర్పడిన ఆ నీలి సరస్సును రిమ్ విలేజ్ దగ్గర నిలబడి చూడగలిగాము కాబట్టి ఆ రోజు పూర్తిగా వృథా కాలేదు. అందులో మీ ప్రణాళిక గొప్పతనమేమీ లేదు.

అన్నిటికన్నా నన్ను బాధించినది మూడో రోజు. లావా మైదానాలు బాగుంటాయంటూ సిస్టర్స్ పట్టణం నుంచి మెకెంజీ కనుమ మీదుగా 242 నంబరు రహదారిలో మమ్మల్ని పంపారు. చలికాలమంతా మూసి ఉంచే ఆ రోడ్డును వాహనాలకు తెరిచేది సాధారణంగా జూన్‌లో. పైగా మలుపులు అంత ఇరుకు కాబట్టే 35 అడుగులకు మించిన వాహనాలను ఏ కాలంలోనూ అనుమతించరు. మూసిన గేటు మమ్మల్ని ఆపింది కాబట్టి సరిపోయింది. అదే తెరిచి ఉండి, మీ మాట నమ్మి 43 అడుగుల బండితో లోపలికి వెళ్లి ఉంటే, వెనక్కి తిప్పుకునే చోటు కూడా లేని మలుపులో ఇరుక్కుపోయేవాళ్లము.

తీరానికి చేరాక మీరు మా పేరున బుక్ చేసిన స్టేట్ పార్కు స్థలం గుడారాలకు మాత్రమే కేటాయించినదని తేలింది. మెమోరియల్ డే సెలవులు కావడంతో వేరే స్థలం దొరకలేదు. న్యూపోర్ట్ దగ్గరి యాక్వినా హెడ్ అనే భూశిరం వద్ద నల్లని బసాల్ట్ గులకరాళ్ల కాబుల్ బీచ్‌లో రాతి గుంటల్లోని నక్షత్ర చేపలను ఉదయం 10 గంటలకు చూడమన్నారు. ఆ గుంటలు బయటపడేది ఆటు సమయంలోనే. మేము వెళ్లేసరికి నిండు పోటు. ఆటుపోట్ల వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి కాబట్టి అన్ని తేదీలకూ ఒకే గంట రాయడం కుదరదు. ఉన్నట్టుండి ఎగసివచ్చే పెద్ద అలల గురించి, వాటితో దొర్లివచ్చే దుంగల గురించి చిన్నపిల్లలున్న కుటుంబానికి ఒక్క మాట హెచ్చరిక కూడా రాయలేదు.

ఇవన్నీ ఎలా జరిగాయో ఇంటికొచ్చాక అర్థమైంది. మీ పత్రం నాలుగో పేజీలో “ఆగస్టు ఎండలకు తగిన దుస్తులు తెచ్చుకోండి” అని ఉంది. ఎవరికో చేసిన వేసవి ప్రణాళికకే మా తేదీలు అతికించి పంపారన్నమాట.

వాతావరణానికి సంస్థ బాధ్యత వహించదని మీ ప్రతినిధి జవాబిచ్చారు. ఆమె మర్యాదగానే మాట్లాడారు, ఆమెపై నాకు ఫిర్యాదు లేదు. కానీ నేను తుఫాను గురించి అడగడం లేదు. ఏటా ఆ నెలల్లో మూసి ఉంచే రోడ్లు, చట్టం పెట్టిన పొడవు పరిమితి, ఏడాది ముందే ప్రచురించే ఆటుపోట్ల పట్టికలు వాతావరణం కిందికి రావు. వాటిని చూసి పెట్టడానికే మీకు డబ్బు కట్టాను.

కాబట్టి ప్రణాళిక రుసుము 450 డాలర్లు, మేము వాడుకోలేకపోయిన రెండు రాత్రుల స్టేట్ పార్కు అద్దె నాకు తిరిగి చెల్లించాలని, పొడవైన ట్రైలర్లతో వచ్చేవారికి ఇచ్చే ప్రణాళికల నుంచి 242 నంబరు రహదారిని వెంటనే తొలగించాలని కోరుతున్నాను. నా దరఖాస్తు ప్రతిని, మీ ప్రణాళికను, మూసిన గేట్ల ఫోటోలను, అద్దె రసీదును జతపరిచాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, రుసుము చెల్లించిన క్రెడిట్ కార్డు బ్యాంకులో ఈ లావాదేవీపై అభ్యంతరం నమోదు చేస్తాను.

ఇట్లు,
భవదీయుడు