మైలాపూరులో పూలమ్మే తల్లికి కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం మైలాపూరు కపాలీశ్వరస్వామి ఆలయం బయట తడిసిన రాతిమెట్టుపై జారిపడిన మా అమ్మ, ఈ ఉదయం చేతికి కట్టుతో క్షేమంగా ఇల్లు చేరిందని, కుశలమడిగిన వారందరికీ తెలియజేస్తున్నాను. రాత్రంతా ఆసుపత్రి వరండాలో మేలుకొని ఉన్నందున నా మాటలు తడబడితే మన్నించగలరు.

చెన్నై ఎండలో కాళ్లు కాలే ప్రాకారాల్లో నడవలేక, అమ్మ ముసురు పట్టిన రోజునే తీరిగ్గా పుణ్యస్థలాలు చూద్దామంది. ముందుగా శాంథోమ్ బసిలికాలో సెయింట్ థామస్ సమాధిని చూశాం. పోర్చుగీసువారి పాత చర్చి స్థానంలో 1896లో పూర్తయిన ఆ తెల్లని కట్టడం వానలో మరింత తెల్లగా కనిపించింది. సాయంత్రం కపాలీశ్వరుని గుడిలో, పార్వతీదేవి నెమలి రూపంలో శివుణ్ణి పూజించిందని చెప్పే పొన్న చెట్టు దగ్గర అమ్మ చాలాసేపు కూర్చుంది. పూర్వం సముద్రతీరాన ఉన్న ఈ ఆలయం పోర్చుగీసువారి కాలంలోనే నాశనమైందంటారని నేను చెబితే, "ఇద్దరికీ మొక్కాను, వాళ్ల లెక్కలు వాళ్లు చూసుకుంటారు" అంది. తిరువల్లిక్కేణిలో మీసాలున్న వేంకటకృష్ణుణ్ణి చూడడం మాత్రం మిగిలిపోయింది.

అమ్మ పడగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వీధి పక్కన పూలమ్ముతున్న ఒక పెద్దావిడ తన బుట్టలపై కప్పుకున్న టార్పాలిన్‌ను లాగి అమ్మకు పందిరిగా పట్టించింది. మల్లెలూ కదంబమూ వానపాలవుతుంటే ఆమె ఒక్కసారి కూడా అటు చూడలేదు. అట్టముక్కను మడిచి అమ్మ ముంజేతి కింద పెట్టి, మాలలు కట్టే అరటినారతోనే కదలకుండా కట్టింది. నేను డబ్బు తీయబోతే, "అది లోపల పెట్టి ముందు ఆటో పిలువు" అని అరవంలో కసిరింది. ఆ కసురుకే నాకు ఏడుపు ఆగలేదు. ఎముక పక్కకు జరగకుండా కాపాడింది ఆ నారకట్టేనని తరువాత డాక్టరుగారు అన్నారు. ఆమె పేరైనా అడగలేకపోయాను.

అంబులెన్సుకు ఫోను చేస్తే, కాలువ పనులకని తవ్విన వీధిలోకి బండి రాదన్నారు. ఏటా ఈశాన్య రుతుపవనాలు వచ్చే వేళకే వీధులు తవ్వాలని ఎవరు నిర్ణయిస్తారో గాని, నడవలేని ముసలివారు ఆ గుంతలు దాటి ప్రధాన రహదారికి ఎలా చేరాలో వారే చెప్పాలి. ఆసుపత్రిలో సైతం ముందుగా డిపాజిట్టు రసీదు చూపిస్తేనే ఎక్స్‌రే తీస్తామన్నారు.

అన్నయ్య, వదిన, మా శ్రీమతి చేయవలసినదంతా చేశారు. వారికి వేరే చెప్పనక్కరలేదు.

టార్పాలిన్ కొసలు పట్టుకొని తడిసిన కాలేజీ అబ్బాయిలకు, మా చెప్పులు గుర్తుపెట్టుకొని ఆటో దాకా తెచ్చిచ్చిన చెప్పుల స్టాండు తాతగారికి, తెల్లవారుజామున అమ్మకు వేడిపాలు తెచ్చిన నర్సమ్మగారికి నమస్కారాలు. అన్నట్టు, మీటరు వేయకుండా, బేరమాడకుండా మోకాటిలోతు నీళ్లలో మమ్మల్ని చేర్చిన ఆటో అన్నను మరిచేపోయాను. ఆయన గొడుగు మా దగ్గరే ఉండిపోయింది. రేపు మాడవీధిలో పూలావిడను వెతుక్కుంటూ వెళ్లినప్పుడు ఆ ఆటో స్టాండులోనే ఇచ్చి వస్తాను.